మారేడుమిల్లి ఏటి ఒడ్డున ఒక రాత్రి: వెళ్లే ముందు ఇది వినండి

ఆఫ్రికా సఫారీ లాడ్జి వీడియోల కింద 'మనకెప్పుడు అన్నా?' అని అడుగుతున్నారు కదా. మన మారేడుమిల్లి దగ్గర వాలమూరులో, ఏటి ఒడ్డునే జంగిల్ స్టార్ క్యాంపు ఉంది. రాజమండ్రి నుంచి 80 కి.మీ. పైనే. సింహాలుండవు, బొంగులో చికెన్ ఉంటుంది! సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా క్యాష్ తీసుకెళ్లండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర మస్ట్.

అసలు విషయం ఏరు. మీ నెత్తిన చినుకు పడకపోయినా, పైన కొండల్లో వాన కురిస్తే నిమిషాల్లో నీళ్లు పెరిగిపోతాయి. 2024 సెప్టెంబరులో, ఈ మారేడుమిల్లి అడవిలోనే, జలతరంగిణి జలపాతం దగ్గర ఒక్కసారిగా వచ్చిన వరదలో ముగ్గురు ఎంబీబీఎస్ స్టూడెంట్స్ చనిపోయారు. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, రీల్ ఆపేసి గట్టు ఎక్కేయండి. అక్కడి కొండరెడ్డి పెద్దాయన "ఇవాళ వద్దు బాబూ" అన్నారా, దిగొద్దంతే. వెదర్ యాప్ కంటే ఆ ఏరు ఆయనకే బాగా తెలుసు.