కమ్మీ కదిలింది

రాజమండ్రిలో మా మిత్రుడొకరికి చిన్న మోటారు లాంచి ఉంది. మొన్న వేసవి సెలవుల్లో పిల్లలతో ఎక్కాం. మా చిన్నవాడు చేరగిలబడగానే అంచు కమ్మీ ఊగింది. వాడు పడలేదు గాని, నా గుండె మాత్రం గోదాట్లో పడింది!

"నట్టు బిగిస్తే సరి" అన్నాను. తెలుగు పంతుల్ని గదా, ఉచిత సలహాలకు కొదవేమిటి?

"బిగించి బిగించే ఇందాకా వచ్చింది, మేష్టారూ" అన్నాడు సరంగు.

రేవు చేరాక కమ్మీ కాలి బోల్టులు ఊడదీశాడు. రంధ్రంలో మేకు గుచ్చితే తడి పిప్పి బయటికొచ్చింది. సంగతేమిటంటే, మనిషి ఆనుకున్నప్పుడల్లా కాలి అడుగుబిళ్ళ రవ్వంత లేస్తుంది. దాని కింద పూసిన సీలెంటు విడిపోతుంది. వాననీరు ఆ సందున దిగి డెక్కు లోపలి ప్లైవుడ్డును నానబెడుతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. మెత్తబడిన చెక్కలో నట్టు ఎంత బిగిస్తే అంత దిగబడుతుంది.

సెలవులే గనక రోజూ పోయి చూశాను. కుళ్ళు గీకి, బాగా ఆరనిచ్చి, రంధ్రం పెద్దది చేసి ఎపాక్సీతో పూడ్చాడు. అది గట్టిపడ్డాక నడిమధ్య బోల్టు పట్టేటంత మళ్ళీ తొలిచాడు. రంధ్రం పైఅంచును కాస్త ఏటవాలుగా చెక్కి అక్కడ సీలెంటు నింపాడు. డెక్కు అడుగున వెడల్పాటి లోహపు బిళ్ళ వేశాడు. ఇక బిగించడంలో ఒక ఒడుపుంది: పైన బోల్టు తల తిరగకుండా పట్టుకుని, కింద నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగిందా, సీలెంటు చెదురుతుంది. ఆ పట్టుకునే ఉద్యోగం నాకిచ్చాడు.

సీలెంటు ఆరాక బక్కెట్టెడు నీళ్ళు గుమ్మరించి, కింద వేలితో తడిమి చూశాం. పొడిగానే ఉంది. మా ఆవిడ మాత్రం ఈసారి చిన్నవాణ్ణి లాంచి నడుమ కూర్చోబెట్టింది.