వకీలు పేరు తెలియుట యెట్లు?

చీరల అంగడివారు తమ సరకును గూర్చి గోడలపై వ్రాయించుకొందురు. పాఠశాలలవారును, వైద్యశాలలవారును పత్రికలలో ప్రకటించుకొందురు. వకీలు మాత్రము అట్లు చేయరాదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిలు ఏర్పరచిన 36వ నిబంధన ప్రకారము న్యాయవాది కరపత్రములచేగాని, ప్రకటనలచేగాని, దళారులచేగాని వ్యాజ్యములు సంపాదించుకొనరాదు. వాకిటి పేరుపలక సైతము మితముగా నుండవలయును. పూర్వము తాను న్యాయాధిపతిగా నుంటినని దానిపై వ్రాయరాదు. 2008లో వచ్చిన సవరణచే అంతర్జాలములో పేరు, చిరునామా, చదువు, నమోదు సంఖ్య, పనిచేయు శాఖ మొదలగు కొన్ని వివరములను మాత్రము తెలుపవచ్చును.

ఈ కట్టుబాటేల? బొంబాయిలో కొందరు వకీళ్లు న్యాయస్థానపు వాకిట నిలిచి, వచ్చు కక్షిదారులపై బడి కాగితములు లాగుకొనుచుండిరి. ఆ వ్యవహారమున 1975లో సర్వోన్నత న్యాయస్థానము ఈ వృత్తి వర్తకము కాదని తీర్పు చెప్పెను. ఆపదలో నున్నవారితో బేరమాడుట తగదు గదా!

అయినను ఇందొక చిక్కు గలదు. కోనరావుపేట మండలపు పల్లెనుండి భూమి వాటాకో, మనోవర్తికో సిరిసిల్ల న్యాయస్థానమునకు పోవు స్త్రీకి మంచి వకీలెవరో చెప్పువారెవరు? ప్రకటన లేనిచోట దళారి నోరే ప్రకటన యగును. తండ్రితాతల పేరు లేక క్రొత్తగా వృత్తిలో ప్రవేశించిన సమర్థురాలగు మహిళా న్యాయవాది సంగతి ఆ నోట రాదు. దళారుల పట్టికను ప్రకటించు అధికారమును 2023 నాటి సవరణ చట్టము న్యాయస్థానముల కొసగినది. పట్టిక కెక్కిన పిదపను దళారితనము చేసినవానికి మూడు నెలల వరకు ఖైదు, 500 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

వృత్తిలోని గౌరవమునకు చట్టమే యొక మార్గము చూపినది. సామర్థ్యము, వృత్తిలో ప్రతిష్ఠ, విశేషజ్ఞానము గలవారిని ఉన్నత న్యాయస్థానము సీనియరు న్యాయవాదులుగా గుర్తించును. 2017లో ఇందులకు మార్కుల పద్ధతి పెట్టిరి. 2025లో దానిని తీసివేసిరి. అయితే సీనియరు న్యాయవాది కక్షిదారునుండి నేరుగా వ్యాజ్యము స్వీకరింపరాదు. వేఱొక న్యాయవాది ద్వారానే స్వీకరింపవలయును. కావున పల్లె స్త్రీ వెదకవలసినది ఆ బిరుదును గాదు.

మఱి యేమి చూడవలయును? వకీళ్లు తమ యింటి వ్యాజ్యమును ఎవరి కప్పగింతురో విచారింపుడు. తోటివారి నమ్మకమునకు అంతకు మించిన సాక్ష్యము లేదు. ఒకనాడు న్యాయస్థానములో కూర్చుండి చూడుడు. సాధారణముగా విచారణ బహిరంగముగనే జరుగును. వాయిదాకు స్వయముగా వచ్చుచున్నాడా, కాగితములు చదివి వచ్చుచున్నాడా యని గమనింపుడు. అయితే తోటివారి మెప్పు పాండిత్యమును దెలుపును గాని ఓర్పును దెలుపదు. దానిని పూర్వపు కక్షిదారులగు స్త్రీల నడిగి తెలిసికొనుడు. గెలిచిన ఆస్తిలో పాలు కోరువానిని విడువుడు. ఫలితముపై ఆధారపడిన ఫీజు నిబంధనలకు విరుద్ధము.

చేత ధనము లేదని వెనుదీయ బనిలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టపు 12వ విభాగము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీయు ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును. లేదా 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఈ సంగతి తెలిసిన సోదరి తెలియని పొరుగింటామెకు చెప్పినచో, దళారి ఆమెను చేరుటకు ముందే ఆమెకు దారి తెలియును.