మానుతానన్న మాటకు పూచీ సొమ్ము

ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు చాలామంది "ఇక బీడీ ముట్టను, గుట్కా వేయను" అంటారు. ఆ మాట అబద్ధం కాదు. దగ్గు, ఆయాసం ఉన్నంతకాలం భయం ఉంటుంది. కానీ ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటల దగ్గరకో, ఎమ్మిగనూరులో మగ్గం దగ్గరకో తిరిగి వెళ్లాక భయం తగ్గుతుంది. పక్కవాడు బీడీ చాస్తాడు. ఆ నిమిషంలో ఆరు నెలల తర్వాత వచ్చే ఆరోగ్యం కంటికి కనిపించదు. చేతిలో నుండి పోయే వంద రూపాయలు మాత్రం కనిపిస్తాయి. పూచీ సొమ్ము పద్ధతికి ఇదే ఆధారం.

పూచీ సొమ్ము అంటే ఏమిటి?

మానదలచిన మనిషి తన సొంత డబ్బు కొంత నమ్మకమైన వ్యక్తి దగ్గర ఉంచుతాడు. గడువు దాకా మాట నిలబెట్టుకుంటే డబ్బు తిరిగి వస్తుంది. తప్పితే పోతుంది. ఇది మనకు కొత్త కాదు. మహిళా పొదుపు సంఘాల్లో సమావేశానికి రాని సభ్యురాలికి జరిమానా వేయడం మీకు తెలిసిందే.

ఇది పనిచేస్తుందా?

ఫిలిప్పీన్స్ దేశంలో 2006లో ఒక బ్యాంకు పొగతాగేవారితో ఇలా ఖాతాలు తెరిపించింది. ఆరు నెలల తర్వాత మూత్ర పరీక్షలో పొగాకు జాడ ఉంటే ఆ డబ్బు దానధర్మాలకు పోతుంది. అడిగిన 100 మందిలో 11 మందే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవారిలోనూ ఎక్కువమంది డబ్బు పోగొట్టుకున్నారు. అయినా ఈ ఖాతా గురించి చెప్పిన గుంపులో, చెప్పని గుంపుకంటే ఎక్కువమంది మానగలిగారు. ఏడాది తర్వాత చెప్పకుండా పరీక్ష చేసినా ఆ తేడా నిలిచే ఉంది.

చెన్నైలో రిక్షా తొక్కేవారి మీద జరిగిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. పగలు తాగకుండా వస్తే ఎక్కువ డబ్బు ఇచ్చారు. పగటి తాగుడు తగ్గింది, పొదుపు పెరిగింది. కానీ మొత్తం తాగుడు పెద్దగా తగ్గలేదు. అంటే పందెం దేని మీద కడితే దాని మీదే పనిచేస్తుంది.

కాబట్టి ఇది అందరికీ పనికివచ్చే మందు కాదు. మానాలని తనకు తానే కోరుకునే మనిషికి చేతికర్ర లాంటిది.

ఎలా పెట్టుకోవాలి?

1. మాట రోగిదే కావాలి. ఇంటివారు బలవంతంగా పెట్టించిన సొమ్ము శిక్ష అవుతుంది. అప్పుడు మానడు, దాచిపెడతాడు.

2. చేసే పని మీద పెట్టండి, ఫలితం మీద వద్దు. "ఈ వారం బీడీ ముట్టను" అనడం సరైనది. "షుగరు దించుతాను", "పది కిలోలు తగ్గుతాను" అని పెడితే పరీక్ష ముందు రోజు పస్తులుంటారు. అది ప్రమాదం.

3. వారానికి బీడీ, గుట్కాకు ఎంత ఖర్చవుతుందో అంతే పెట్టండి. బియ్యం డబ్బు, మందుల డబ్బు, పిల్లల ఫీజు ముట్టకండి. అప్పు తెచ్చి పెట్టకండి.

4. సొమ్ము భార్య చేతిలో ఉంచకండి. రాత్రిపూట గట్టిగా అడిగితే ఆమె కాదనలేదు. గొడవ, దెబ్బలు ఆమె మీదికే వస్తాయి. రోగి మాట వినే పెదనాన్న, బావ, మేనమామ లాంటి పెద్దమనిషి దగ్గర ఉంచండి. సుగ్గికి వెళ్లేవారు అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ దగ్గర ఉంచకండి. అది అప్పు లెక్కలో కలిసిపోతుంది.

5. పోయిన సొమ్ము ఎటు పోవాలో ముందే చెప్పుకోండి. దాచినవారికి చెందకూడదు. ఊరి బడి పిల్లలకు నోటు పుస్తకాలు కొనిస్తే మంచిది.

6. వారం వారం లెక్క చూడండి. ఒక రోజు తప్పితే ఆ వారం సొమ్మే పోవాలి. మొత్తం ఒకేసారి పోతే "ఇక పోయేదేముంది" అని పూర్తిగా వదిలేస్తారు.

ఎప్పుడు పెట్టకూడదు?

రోజూ ఎక్కువగా మద్యం తాగేవారు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి తప్పి మాట్లాడతారు. ప్రాణం కూడా పోవచ్చు. అలాంటి మనిషి పందెం సొమ్ము కోసం ఇంట్లో వణుకుతూ పడి ఉండకూడదు. ముందు డాక్టరు గారికి చూపించండి, మందులతో మాన్పించాలి. ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

టీబీ, బీపీ, ఫిట్స్ మాత్రల మీద కూడా పందెం వద్దు. సొమ్ము పోతుందని మాత్రలు మానిన సంగతి దాస్తే, మాకు తెలిసేసరికి జబ్బు ముదురుతుంది.

మీ మనిషి తప్పిన రోజు తిట్టకండి. సొమ్ము పోవడమే చాలు. "మళ్లీ సోమవారం నుండి మొదలుపెడదాం" అనండి. చాలామంది మొదటిసారే మానలేరు, మళ్లీ మళ్లీ ప్రయత్నించి మానుతారు. పొగాకు మానడానికి సలహా కావాలంటే 1800 11 2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. డిశ్చార్జి రోజున డాక్టరు గారి ముందే మాట, గడువు, సొమ్ము ఒక కాగితం మీద రాసుకుని ఇంటికి వెళ్లండి.