ప్రతిధ్వని చెప్పే కంటి పొడవు

సమవేగంతో కదిలే వస్తువు స్థానభ్రంశం తెలియాలంటే వేగాన్ని కాలంతో గుణిస్తే చాలునని హైస్కూలు పాఠం. శుక్లాల శస్త్రచికిత్సలో ఒక కీలక నిర్ణయానికి ఆధారం ఈ చిన్న సూత్రమే. మసకబారిన సహజ కటకాన్ని తీసివేశాక ఎంత శక్తిగల కృత్రిమ కటకం అమర్చాలో తేల్చడానికి కార్నియా వంపుతోపాటు, అక్కడినుంచి రెటీనా వరకు కంటి పొడవు కూడా తెలియాలి. సగటు కంటిలో ఆ పొడవు 1 మిల్లీమీటరు తప్పితే చూపులో సుమారు 2.5 డయాప్టర్ల తేడా వస్తుంది. కటకశక్తి సరిపడకపోతే ఏమవుతుందో 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అమర్చిన తొలి కృత్రిమ కటకంతోనే తెలిసింది: రోగికి తీవ్రమైన హ్రస్వదృష్టి మిగిలింది.

అతిధ్వని యంత్రం నిజానికి పొడవును కొలవదు, కాలాన్ని కొలుస్తుంది. కార్నియా నుంచి బయలుదేరిన ధ్వని రెటీనాను తాకి తిరిగి రావడానికి 30.3 మైక్రోసెకన్లు పట్టిందనుకుందాం. సెకనుకు 1550 మీటర్ల చొప్పున అది 47 మిల్లీమీటర్లు. అందులో సగం, 23.5 మిల్లీమీటర్లు, కంటి పొడవు. పాఠ్యపుస్తకం వడికీ వేగానికీ మధ్య అంత పట్టుదలగా గీసిన గీత ఇక్కడ పనికొస్తుంది. ధ్వని బయలుదేరిన చోటికే చేరింది కనుక మొత్తం ప్రయాణంలో స్థానభ్రంశం సున్న. 47 అన్నది నడిచిన దూరం మాత్రమే. దిశ మారని సగం ప్రయాణానికే సూత్రం పొడవును ఇస్తుంది.

అసలు చిక్కు ‘సమవేగం’ అన్న మాటలో ఉంది. ధ్వని వేగం కటకంలో సెకనుకు 1641 మీటర్లు, దానికి ముందూ వెనుకా ఉన్న ద్రవాలలో 1532. 1550 అనేది యంత్రం వాడుకునే సగటు. మామూలు కంటికి అది సరిపోతుంది. రెటీనా ఊడిపోయినప్పుడు చికిత్సలో భాగంగా కంటిలో సిలికోన్ నూనె నింపుతారు. అందులో ధ్వని వేగం, నూనె రకాన్ని బట్టి, 980 నుంచి 1040 వరకే. 16 మిల్లీమీటర్ల నూనెను దాటడానికి 980 వేగంతో 16.3 మైక్రోసెకన్లు కావాలి. ఆ కాలాన్ని యంత్రం 1532తో గుణిస్తే 25 మిల్లీమీటర్లు వస్తుంది. పొడవు ఎక్కువని నమ్మి తక్కువ శక్తి కటకం అమర్చితే రోగికి మందపాటి కళ్ళద్దాలు తప్పవు. దీనికి విరుగుడు పాత సూత్రమే: ఒక్కొక్క భాగానికి దాని సొంత వేగంతో విడిగా లెక్కకట్టి కూడడం.

నేడు చాలాచోట్ల ఈ కొలత కాంతితో జరుగుతోంది. కాని శుక్లం బాగా ముదిరితే కాంతి రెటీనాను చేరదు. మళ్ళీ ధ్వనే దిక్కు. రెటీనా చికిత్స ఒక దేశంలో, శుక్లం చికిత్స మరో దేశంలో జరిగే కుటుంబాలలో, నూనె ఏ రకమో రాసిన పాత కాగితం వైద్యుడికి ముందుగా చూపవలసిన పత్రం.