ఆముదపు ఆకుపై తెల్లని పొడి

వాన మొగము చాటుచేసి పదునైదు దినములైనపుడు చల్క నేలలోని ఆముదపు చేనిని చూడుడు. ప్రక్క పైరులు వడలుచుండగా ఆముదము మరికొంత కాలము నిలద్రొక్కుకొనును. లోతునకు దిగు తల్లివేరు ఇందులకు ఒక కారణము. రెండవది, కాండముపైనను ఆకుపైనను బూడిద చల్లినట్లు కనబడు తెల్లని పొడి. బొటనవ్రేలితో తుడిచినచో అది ఊడి, క్రింది పచ్చదనము బయటపడును. దీనిని తెగులని భ్రమించి మందుకై పరుగెత్తు రైతులు మాకు నేటికిని తారసపడుచున్నారు. అది మొక్క తనకై తాను తయారుచేసికొనిన మైనము.

ఆకునకు గాలి కావలెను. అందుకై దానిపై, ముఖ్యముగా అడుగు భాగమున, కంటికానని రంధ్రములు వేలకొలది కలవు. అవి తెరచుకొని గాలిని గ్రహించునపుడే లోపలి నీరు ఆవిరియై వెలికిపోవును. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఇట్లు ఆవిరియగునదే. నీరు కరవైనపుడు మొక్క ఈ రంధ్రములను మూసికొనును. కాని తలుపులు మూసినంతనే చాలునా? గోడలు చెమ్మ కారరాదు గదా! ఆ గోడకు పూసిన పూతయే మైనపు పొర. దీనిని శాస్త్రజ్ఞులు అవభాసిని యందురు. సాధారణముగా దీని మందము మిల్లీమీటరులో నూరవ వంతైనను ఉండదు. అయినను రంధ్రములు మూసిన పిదప మొక్క ప్రాణము దీనిపైననే ఆధారపడును.

బడిపిల్లలచే ఒక పరీక్ష చేయింపవచ్చును. సమానమైన రెండు మామిడాకులు కోసి, ఒకదానికి ఇరుప్రక్కల వాసెలిన్ పూసి, రెంటిని నీడలో వ్రేలాడదీయుడు. పూయని ఆకు ముందుగా ఎండును.

ఆముదపు రకములన్నిటికి ఈ పొడి ఒకే తీరున నుండదు. కొన్నిటికి బొత్తిగా లేదు. కొన్నిటికి కాండముపై మాత్రమే. మరికొన్నిటికి ఆకు కాడపైనను, ఆకు అడుగునను కూడ. ఇంకొన్నిటికి ఆకు రెండు వైపుల నుండును. ఈ కడపటి రకములను పచ్చదోమ తక్కువగా ఆశించును. జొన్నకును ఇట్టి పొడి కలదు. అది లేని జొన్న మొక్కల నుండి నీరు అధికముగా పోవునని పరిశోధకులు గమనించిరి.

అయితే ఆముదమునకు బూడిద తెగులు లేకపోలేదు. మైనము లేతనాటి నుండియే అంతట సమముగా పరచుకొని యుండును, ఆకు నవనవలాడుచుండును. తెగులైనచో మచ్చలు మచ్చలుగా పుట్టి వ్యాపించును. ఆకు పసుపు వారును. అనుమానమైనచో ఆకును వ్యవసాయాధికారికి చూపుడు.

మైనముతో ఒక చిక్కును కలదు. పిచికారి చేసిన మందు ముత్యములవలె జారి నేలపాలగును. మందుతో కలుపు జిగురును, దాని మోతాదును ముందుగా అడిగి తెలిసికొనుడు.