జ్వాలాపురపు బూడిద

అంట్లు తోము బూడిదకుఁ జరిత్ర యేమని నవ్వకుఁడు. నంద్యాల జిల్లాలో బనగానపల్లెకుఁ జేరువనున్న జ్వాలాపురమున నేలలోఁ దెల్లని బూడిద పొర కలదు. పాత్రలు తోము పొడికై జనులు దానిని త్రవ్వితీసిరి. అది పొయ్యిలోనిది కాదు. శాస్త్రజ్ఞులు ప్లైస్టొసీన్ అనెడి హిమయుగము రమారమి 26 లక్షల యేండ్లనాఁడు మొదలై 11,700 ఏండ్లక్రిందట ముగిసినది. ఆ యుగమున, నేఁటికి సుమారు 74,000 ఏండ్లక్రిందట, సుమత్రా ద్వీపమందలి తోబా యగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని బూడిదయే సముద్రము దాఁటివచ్చి యిచ్చటఁ బడినది!

మఱి యిచ్చటి మనుష్యులు నశించిరా? ఆ పొరకుఁ గ్రిందను మీఁదను నించుమించు నొక్కతీరు రాతి పనిముట్లు దొరకెనని 2007లోఁ బ్రకటింపఁబడెను. పండితులలోఁ గొందఱు సందేహించిరి. బూడిద కురిసిన పిమ్మటను దల్లులు బిడ్డలను సాఁకిరనియే నాకుఁ దోఁచుచున్నది. ఆ పొడితోఁ దోమిన చెంబు మీ వంటయింటను నుండెనేమో!