తొట్టెలోకి పిలవని పేరంటం



మీలో చాలామంది ఇళ్ళల్లో చేపల తొట్టె ఉండే ఉంటుంది. బజారులో మొక్కలు ఖరీదని, పక్క చెరువులోంచి గుప్పెడు నాచు తెచ్చి అందులో వేస్తుంటాం. నేనూ అదే చేశాను. మా తరగతి తొట్టెలో పన్నెండు గప్పీ చేపలుండేవి. చంద్రపూర్ పొలిమేరలో ఒక చెరువునుంచి హైడ్రిల్లా నాచు తెచ్చి, కుళాయి కింద రెండుసార్లు కడిగి వేశాను. మూడు వారాలకు లెక్కపెడితే చేపలు ఏడే మిగిలాయి. చచ్చిన చేప ఒక్కటీ కనబడలేదు. మేత వేసే కుర్రవాడిని అనవసరంగా కేకలేశాను. చివరికి దొంగ నేను తెచ్చిన నాచులోనే దొరికింది.

ఆ దొంగ తూనీగ పిల్ల. మన పిల్లలు తోక పట్టుకుని ఆడుకునే తూనీగ, రెక్కలు రాకముందు నెలల తరబడి నీళ్ళలోనే బతుకుతుంది. బురదరంగు ఒళ్ళు, ఆరు కాళ్ళు, పెద్ద కళ్ళు. దాని కింది పెదవి మడత చేయిలాగా ముందుకు చాచుకుని ఎరను పట్టి లాక్కుంటుంది. కదలకుండా నాచులో కూర్చుంటుంది కాబట్టి మన కంట పడదు. తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉంటే అది సన్న తూనీగ పిల్ల. అది చేపపిల్లలకు మాత్రమే ప్రమాదం. సన్న తూనీగలు మొక్క కాడను చీల్చి, లోపల గుడ్లు పెడతాయి. అందుకే ఎంత కడిగినా అవి పోవు.

మరి వీటిని గుర్తుపట్టడం ఎలా? తెల్లని పళ్ళెంలో నీళ్ళు పోసి, నాచును అందులో పరిచి అరగంట ఆగండి. తర్వాత రాత్రిపూట టార్చిలైటు వేసి చూడండి. ఏమేం కనిపిస్తాయో ఒక్కొక్కటిగా చెబుతాను.

కాడకు అతుక్కున్న జిగురు ముద్దలో చుక్కలు కనబడితే అవి నత్తగుడ్లు. నత్తలు తొట్టెకు పెద్దగా హాని చేయవు. అయితే చాలా రకాల నత్తల్లో ఆడా మగా లక్షణాలు ఒకే ప్రాణిలో ఉంటాయి. ఒక్కటి వచ్చినా వంద కావచ్చు. గడియారం స్ప్రింగులాగా బల్లపరుపుగా చుట్టుకున్న నత్తను మాత్రం జాగ్రత్తగా చూడండి. పశువుల నెత్తుటిలో చేరే ఒక పరాన్నజీవికి అది ఆశ్రయమిస్తుంది. ఆ చెరువు నీళ్ళలో దిగినవాళ్ళ ఒళ్ళు దురద పెట్టడం కూడా ఉంది.

అద్దానికి అంటుకుని, సన్నని దారాల్లాంటి చేతులు చాచి, తాకగానే ముడుచుకునేది హైడ్రా. బాణం ములుకులాంటి తలతో, రెండు కంటి చుక్కలతో అద్దంమీద జారుతూ పోయేది చదునుపురుగు, అంటే ప్లనేరియా. ఈ రెండింటినీ గీకి ముక్కలు చేయకండి. ముక్క మళ్ళీ పూర్తి ప్రాణి అవుతుంది. మేత ఎక్కువైన తొట్టెలోనే ఇవి పెరుగుతాయి కనుక, మేత తగ్గించడమే మొదటి మందు.

చేప ఒళ్ళు రాయికేసి రాసుకుంటూ ఉంటే, పొలుసులమీద పారదర్శకమైన గుండ్రని బిళ్ళలాంటిది వెతకండి. అది చేపపేను. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల రైతులకు ఇది పాత శత్రువు.

తెల్లని చుక్కలు ఎగిరెగిరి ఈదుతూ, వెనక రెండు గుడ్ల సంచులు మోస్తూ ఉంటే అవి సైక్లాప్స్. చేపపిల్లలకు మంచి ఆహారం. ఒకప్పుడు ఈ సైక్లాప్స్ ఉన్న నీళ్ళు తాగే మన ఊళ్ళలో నారికురుపు వచ్చేది. నీళ్ళు గుడ్డతో వడగట్టడం, మెట్లబావులను బాగుచేయడం వంటి పనులతోనే ఆ జబ్బు పోయింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం నారికురుపు లేని దేశమని ధ్రువీకరించింది. పురుగును గుర్తుపట్టడం వల్ల ఎంత మేలు జరుగుతుందో చూడండి.

ఇక నివారణ. లీటరు నీటికి ఒక చిన్న చెంచాడు పటికపొడి కలిపి, నాచును రెండు మూడు గంటలు ముంచి, మంచినీళ్ళలో జాడించండి. ఆ పైన మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. గుడ్లు పొదిగితే అక్కడే బయటపడతాయి. ఆ తొట్టిమీద దోమతెర కట్టడం మరిచిపోకండి, లేకపోతే దోమలను మనమే పెంచినవాళ్ళమవుతాం.

ఉప్పునీటి తొట్టెలు పెట్టేవాళ్ళు లైవ్ రాక్ అనే సముద్రపు రాళ్ళు వాడతారు. వాటి కన్నాలలో కుట్టే ముళ్ళపురుగులూ, చేపలను వేటాడే రొయ్యజాతి ప్రాణులూ దాగివస్తాయి. ఒక మాట గుర్తుంచుకోండి. 2001 నుంచి మన సముద్రంలోని పగడాలకు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. వాటిని తవ్వి తేవడం నేరం.

ఇలా దాగివచ్చే ప్రాణులు తొట్టెతో ఆగవు. అమెరికా తీరాల నల్లచారల ఆలుచిప్ప ఓడలకు అంటుకుని వచ్చి, 1967లో విశాఖపట్నం రేవులో కనిపించింది. గుట్టలు గుట్టలుగా పెరిగి ఓడల అడుగులను కప్పేసింది. మన రామాల చెరువును కమ్మిన గుర్రపుడెక్క కూడా ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టి, అందం కోసం తెచ్చుకున్నదే. అందుకని తొట్టె నీళ్ళూ, అక్కరలేని మొక్కలూ, చేపలూ కాలువలో పారబోయకండి. మన ఇరై నీళ్ళు వార్ధాలో కలిసి, ప్రాణహితగా సాగి, కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరతాయి. మనం ఇక్కడ వదిలినది ఎక్కడో ఉన్న మనవాళ్ళ వలలో పడవచ్చు. మొక్కలను ఎండబెట్టి చెత్తలో వేయండి. నీళ్ళు పూలకుండీలకు పోయండి.

మా తూనీగ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. దాన్ని చంపలేదు. వేరే సీసాలో ఒక పుల్ల నిలబెట్టి, దోమపిల్లలు మేతగా వేశాం. ఆ బాధ్యత నేను కేకలేసిన కుర్రవాడికే అప్పగించాను, క్షమించమని అడిగిన తర్వాత. ఒక ఉదయం పుల్లమీద ఖాళీ డొల్ల, పక్కనే తడి రెక్కలు ఆరబెట్టుకుంటున్న తూనీగ కనబడ్డాయి. మరాఠీలో తూనీగను చతుర్ అంటారు, అంటే తెలివైనది. "సార్, మనకన్నా ఇదే చతుర్!" అన్నాడు వాడు. కాదనలేకపోయాను.